మెట్రో రైలు మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మా స్టేషన్‌లో లిఫ్టు ఆగిపోయి నాలుగు నెలలైంది. మూడు వినతిపత్రాలు ఇచ్చాను, జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ఎదుట రాస్తున్నాను.

చక్రాల కుర్చీలో ఉన్న మా అమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. ముక్కూ మొహం తెలియని ఇద్దరు చెయ్యి వేస్తేనే ఆమె ప్లాట్‌ఫారం చేరుతుంది. మెట్ల మధ్యలో కళ్లు మూసుకుంటుంది. భయంతోనో, సిగ్గుతోనో, నేనడగలేదు.

1890లో లండన్‌లో లోతైన సొరంగాల్లో తొలి విద్యుత్ రైలు నడిచినప్పుడే స్టేషన్లలో లిఫ్టులు పెట్టారు. నేటి మెట్రో రైళ్లు బ్రేకు వేస్తూ కూడా కరెంటు పుట్టించి లైనుకు తిరిగి పంపుతున్నాయి. ఆ రైలు దాకా మనిషిని చేర్చడమే కష్టమైందా?

పదిహేను రోజుల్లో లిఫ్టు బాగుచేయించాలని, అంతవరకు మెట్ల దగ్గర సాయానికి సిబ్బందిని ఉంచాలని, మరమ్మతు తేదీని స్టేషన్‌లో రాసిపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రయాణికురాలు