నాన్నగారికి, కారు పందాల సంగతి

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లమని తమ్ముడికి గట్టిగా చెప్పండి, లేకపోతే వాడు వాయిదా వేస్తూనే ఉంటాడు.

అమ్మా, రేసులు మానలేదు, కానీ భయపడకు. కారు లోపల ఇనప గొట్టాల పంజరం ఉంటుంది, హెల్మెట్‌ని పట్టి ఉంచే పట్టీలు, నిప్పంటుకోని బట్టలు. 216 హైవే మీద తమ్ముడు బండి నడిపే తీరు కంటే ఇదే నయం.

నాన్నగారూ, మీరు ఖర్చు గురించి అడిగారు. మావి పాత మాజ్డా మియాటాలు, అంటే రెండు సీట్ల చిన్న కార్లు, 1990 నుంచి 2005 దాకా వచ్చినవి. ఖర్చు పెరక్కూడదనే అందరికీ ఒకే రకం టైర్లు, ఒకే సస్పెన్షన్. డ్రైవరుతో కలిపి తూకం వేస్తారు. కొత్త 1.8 లీటర్ల ఇంజన్ల బలం తగ్గేలా గాలి దారి ఇరుకు చేసి, పాత 1.6 లీటర్ల వాళ్లకి దగ్గరగా తెస్తారు. ఇలా ఒకే రకం కార్లతో నడిచే పందాల్ని ఒక క్లాసు అంటారు. ఈ ఏడాది మా ఏరియాలో ఈ క్లాసు బాగోగులు నాకు అప్పగించారు. అదే టెన్షన్.

కాలువ బాగుందో లేదో లాకుల దగ్గర చూస్తే తెలీదు, శివారు చేలల్లో చూడాలి కదా. ఇదీ అంతే. ముందు వరుసవాళ్లు ఎలాగూ వస్తారు. ఇరవయ్యో స్థానంలో తిరిగేవాడు వచ్చే ఏడూ వస్తాడా అన్నదే ప్రశ్న. టైరు కొత్తగా ఉన్నప్పుడే పట్టు ఎక్కువ, అందుకని డబ్బున్నవాడు ప్రతి రేసుకీ కొత్త సెట్టు వేస్తాడు. వెనకవాడు కొన్నాళ్లు చూసి, ఎవరికీ చెప్పకుండా కారు అమ్మేసుకుంటాడు. వారాంతానికి ఇన్నే టైర్లని ముద్ర వేద్దామంటే ముందువాళ్లకి నా మీద మంట. రూల్సు తప్పాడేమోనని గెలిచిన కారుని విప్పి చూడాలన్నా మంటే. రూల్సు ఏటా మార్చడం మాత్రం నాకూ ఇష్టం లేదు, మార్చినప్పుడల్లా కొత్త సామాను కొనాలి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు సామానుతో నడిచే ఫార్ములా వీ క్లాసు 1963 నుంచి నిలబడింది, మాది ఎందుకు నిలబడదు?

నా మొదటి రేసులో బ్రేకు ప్యాడ్లు అరిగిపోతే, ఒక ముసలాయన పేరు కూడా అడక్కుండా తన పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. ఇప్పుడు పండక్కి భోజనానికి పిలిచేది ఆయనే. వీళ్లు లేకపోతే శని, ఆదివారాలు నాకు గడవవు నాన్నగారూ.

చెల్లి ఫీజు సోమవారం పంపుతాను, అందులోంచి పైసా తీయలేదు. మావయ్యకి ఇవేమీ చెప్పకండి, ఊరంతా చాటిస్తాడు. పూతరేకులు పంపితే బెల్లంవే పంపండి.

మీ
పెద్దోడు