పాత అమెరికన్ కార్లను ఇసుకలోకి దింపకండి

సంపాదకులు గారికి,

పాత షెవర్లేలు, డాడ్జ్‌లు విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో నిలబెట్టిన ఫొటోలు, మట్టి, కంకర దారుల మీద తొక్కే గ్రావెల్ సైకిళ్లు అలల అంచున నీళ్లు చిమ్ముకుంటూ పోతున్న ఫొటోలు ఈమధ్య పత్రికల్లోనూ ఫోన్లలోనూ తెగ కనిపిస్తున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ ఆ ఫొటో చూసి మరో నలుగురు అదే పని చేస్తారు. ఉప్పు తగిలితే కారుకైనా సైకిలుకైనా చేటే, దయచేసి వాటిని ప్రోత్సహించకండి. ఫొటో కావాలంటే బీచ్ రోడ్డు తారు మీదే తీయవచ్చు, వెనక సముద్రం ఎలాగూ పడుతుంది.

ఈ కార్లు మళ్లీ రావు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు బిగించింది. 1947 నుంచి ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, ప్లిమత్, డి సోటోలు తయారుచేశారు. ఇంజను సామాన్లు వెతికితే ఇంకా దొరుకుతాయి గానీ రేకులు దొరకవు. తలుపు అడుగు తుప్పు పట్టిందంటే, మంచి టింకరింగ్ మేస్త్రీని పట్టుకుని చేత్తో కొట్టించుకోవలసిందే.

ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే విశాఖలో కారు పొడిగా కనిపించినా ఉప్పు పేరుకున్న రేకు మీద పల్చటి తడి ఆరదు. తుప్పు మొదలయ్యేది మనం పాలిష్ పెట్టే చోట కాదు, తలుపుల లోపలి అడుగున, డిక్కీ నేల కింద, మడ్‌గార్డు అంచు లోపలికి మడిచిన చోట. తలుపు అడుగున నీళ్లు పోవడానికి సన్నటి కన్నాలుంటాయి. ఎండుటాకులు, రబ్బరు పొట్టు చేరి అవి పూడిపోతాయి. తొలకరికి ముందొకసారి, అక్టోబరు తుపాన్లకు ముందొకసారి తీగతో పొడిచి శుభ్రం చేయాలి. కొనేముందు చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల అడుగు వెంబడి జరపండి. పట్టు వదిలిన చోట రంగు కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. కారు కింద తుప్పు గీకకుండా నల్లటి రబ్బరు పూత వేయించేవాళ్లున్నారు. అది అంచుల్లో లేచి ఉప్పునీటిని లోపల పట్టి ఉంచుతుంది, వేయించకపోవడమే మేలు. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, మైనం పూత పెట్టాలి. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చాక మంచినీళ్లతో చక్రాల గూళ్లు కడిగి, ఓ పది కిలోమీటర్లు నడిపి ఆరనివ్వాలి. తడి కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పితే ఆవిరి పైకి పోయే దారి ఉండదు. నూలు గుడ్డ చాలు.

ఇక పెట్రోలు. బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. మన గాలిలోని చెమ్మను ఇథనాల్ లాక్కుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు దిగి, అక్కడే తుప్పు మొదలుపెడుతుంది. దశాబ్దాలుగా ట్యాంకులో పేరుకున్న జిగురును కూడా ఇథనాల్ కరిగించి తెచ్చి, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి కన్నమైన జెట్టులో అడ్డం పడేస్తుంది. కాబట్టి ముందు ట్యాంకు దించి కడిగించాలి, పంపుకు ముందు లోపల కనిపించే ఫిల్టరు పెట్టాలి. రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకం, ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్నవాటితో మార్చాలి. ట్యాంకు దగ్గర ఉండే జానెడు ముక్కను చాలామంది మర్చిపోతారు, ముందు చీలేది అదే. పంపులో కదిలే రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌కు తట్టుకునేదే వేయించాలి.

అంతటితో అయిపోలేదు. ఇథనాల్ కలపని పెట్రోలుకు బరువు లెక్కన ఒక వంతు ఇంధనానికి 14.7 వంతులు గాలి కావాలి, ఈ పెట్రోలుకు సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్టుతో ఇంజనుకు ఇంధనం తక్కువవుతుంది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కి, టప్ టప్ మని కొట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మెయిన్ జెట్టు 1.50 మిల్లీమీటర్లదైతే 1.55 దరిదాపుల్లోది వేసి, ప్లగ్గులు విప్పి చూడాలి. పింగాణీ తెల్లగా ఉంటే ఇంకా చాలదు, బిస్కెట్ రంగు వస్తే సరిపోయింది. కారు నెల రోజులు కదలదనుకుంటే ట్యాంకు నిండుగా పెట్టి, పెట్రోలు లైను కట్టేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపాలి. కార్బురేటర్‌లో చుక్క మిగలకూడదు.

1967కు ముందు కార్లలో దాదాపు అన్నిటికీ, పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకే గది. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. బ్రేకు ఆయిల్ తేమ పీలుస్తుంది గనుక మన ఊళ్లో ఏడాదికోసారి మార్చాలి. ఈ పని చేయించకుండా సింహాచలం కొండ ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. ఇంకో మాట, డాడ్జ్, ప్లిమత్‌లలో 1955 మోడల్ దాకా బ్యాటరీ 6 ఓల్టులది, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ తీగే కారు బాడీకి కలిపి ఉంటుంది. షెవర్లేకు నెగటివ్. చూసుకోకుండా మెకానిక్‌లు తీగలు తిరగేస్తారు. పానాలు కూడా అంగుళాలవే వాడాలి. తల అర అంగుళం ఉన్న బోల్టుకు 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది గానీ, తుప్పుపట్టిన బోల్టు మీద జారి తలను అరగదీస్తుంది.

ఇక సైకిళ్ల సంగతి. గ్రావెల్ సైకిల్ ఆటకు పెద్ద పేరు తెచ్చింది అమెరికాలోని కాన్సాస్. అక్కడ 2006లో మొదలైన 200 మైళ్ల పోటీ ఇప్పుడు అన్‌బౌండ్ పేరుతో జరుగుతోంది. అక్కడి చెకుముకి రాళ్లు టైరు పక్కల్ని కోస్తాయి, అందుకని పక్కలు మందంగా ఉండే టైర్లు వాడతారు. ఆ బరువు టైర్లు ఇక్కడెందుకు? మన గ్రావెల్ దారుల్లో గుచ్చుకునేవి పల్లేరు కాయలూ తుమ్మముళ్లూ. వీటికి ట్యూబ్‌లెస్ టైరులో పోసే, కన్నాలను పూడ్చే ద్రవం సీలెంటే మందు. 40 మిల్లీమీటర్ల టైరుకు 60 మిల్లీలీటర్లు పోయాలి. మన ఎండలకు రెండు నెలల్లో గడ్డకడుతుంది, చక్రం ఊపితే లోపల కదిలే చప్పుడు రావాలి. గాలి 70 కిలోల మనిషికి ముందు 30, వెనక 33 పీఎస్‌ఐ చాలు. తారు రోడ్డు అలవాటుకొద్దీ 60 కొట్టించుకుంటే సైకిలు రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు తప్పుతుంది.

చైనుకు చిక్కటి నూనె వేస్తే ఎర్రదుమ్ము అంటుకుని పళ్లను అరగదీస్తుంది, మైనం రకం వాడాలి. కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా పన్నెండు అంగుళాలుండే చైను ముక్క, అరిగి సాగి 306 మిల్లీమీటర్లు దాటిందంటే మార్చే వేళయింది. స్టీలు ఫ్రేములో అల్యూమినియం సీటు రాడ్డు ఉన్నవాళ్లు నెలకోసారి బయటికి లాగి గ్రీజు పెట్టాలి. ఉప్పు చేరితే రెండు లోహాలూ అతుక్కుపోయి, చివరికి రంపంతో కోసి తీయవలసి వస్తుంది. అదే కారణంతో, స్పోకుల చివర బిగించే నట్లు (నిపుల్స్) కూడా అల్యూమినియంవి కాకుండా ఇత్తడివే అడిగి వేయించుకోండి.

చివరిగా, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లోకి సైకిళ్లు తీసుకెళ్లకండి. అది జాతీయ భూవారసత్వ ప్రదేశం. ఆ మట్టి గట్టిరాయి కాదు. టైరు చేసిన గాడిలోకి వాన నీరు చేరి, దాన్ని ఇంకా లోతుగా కోసుకుంటూ పోతుంది. తొక్కడానికి దారులు లేకపోలేదు. లోపలి ఊళ్ల జీడిమామిడి తోటల మధ్య బళ్ల బాటలున్నాయి, తాటిపూడి వైపు పంచాయతీ గ్రావెల్ రోడ్లున్నాయి. వాన పడ్డాక మాత్రం ఒకట్రెండు రోజులు ఆగి వెళ్లండి. తడి ఎర్రమట్టి ఫోర్కుకూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని కదలనివ్వదు, పొలాలకు వెళ్లే రైతుల బాట కూడా గుంతలు పడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం