ఒక్క ఫొటోతో పగడం జాతి తేలదు

సంపాదకులకు,

ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో, ఎవరూ పెట్టకుండానే రాయిమీద మొలిచిన పగడం ఏమిటని అడిగిన పాఠకునికి, మీ ప్రశ్నోత్తరాల శీర్షికలో ఒకే ఒక్క ఫొటో చూసి జాతి పేరుతో సహా జవాబిచ్చారు. ఆ పేరు సరైనదే కావచ్చు; అయితే ఆ ఫొటోలో కనబడే ఆనవాళ్లతో జాతిదాకా వెళ్లడం సాధ్యం కాదన్నది నా అభ్యంతరం.

పగడాన్ని గుర్తించడంలో అన్నిటికంటే నమ్మరాని సాక్ష్యం దాని రంగు. కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు, ఆ జీవి తయారుచేసుకునే వర్ణకాలు కలిసి ఇచ్చే రంగు అది కనుక, కాంతి హెచ్చుతగ్గులను బట్టి, నీటిలోని పోషకాలను బట్టి అదే పగడం కొన్నాళ్లకు గుర్తుపట్టలేనంతగా మారిపోగలదు. మీరు ముద్రించిన ఫొటో నీలి దీపం కింద తీసినది. ఆ వెలుతురులో సాదా గోధుమరంగు పగడమైనా పచ్చగా మెరిసిపోవచ్చు. ఆకారాన్ని కూడా నీటి ప్రవాహం మార్చేస్తుంది.

చూడవలసింది పాలిప్ నిర్మాణాన్ని, అంటే పగడంలోని ఒక్కొక్క చిన్న జీవి నిర్మాణాన్ని. దాని నోటి చుట్టూ వేళ్లలా ఉండే స్పర్శకాలు సరిగ్గా ఎనిమిదే ఉండి, వాటి అంచుల వెంట ఈకకు ఉన్నట్టు సన్నని పాయలు కనిపిస్తే అది ఆక్టోకోరల్. మెత్తని పగడాలన్నీ ఈ వర్గంలోనివే. అంతకంటే ఎక్కువ ఉంటే రాతి పగడాల్లోనో, సముద్ర పుష్పాల్లోనో, వాటికి దగ్గరి బంధువులైన జోయాంథిడ్లలోనో వెతకాలి. పాలిప్ ముడుచుకున్నప్పుడు అడుగున సున్నపు గిన్నె బయటపడితే అది రాతి పగడం. ఆ గిన్నెలోని నిలువు పలకల అమరికే అసలైన ఆనవాలు. గట్టి భాగం ఏదీ లేక, పొడవాటి కాడపై పారదర్శకమైన స్పర్శకాలు ఉండి, తాకగానే చటుక్కున రంధ్రంలోకి జారుకుంటే అది పగడం కాక ఐప్టేసియా అనే సముద్ర పుష్పం కావచ్చు. దాన్ని గీకి తీయబోతే మిగిలిన ముక్కల నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి.

ఇంత చూసినా చాలాసార్లు ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) దగ్గరే ఆగవలసి వస్తుంది. మెత్తని పగడాల్లో జాతి తేల్చాలంటే కణజాలంలోని సున్నపు సూదులను సూక్ష్మదర్శినితో పరీక్షించాలి. పేర్లు కూడా స్థిరంగా లేవు: యూఫిలియాగా పెంపకందారులందరికీ పరిచయమైన హామర్ పగడం ఇప్పుడు ఫింబ్రియాఫిలియా అనే ప్రజాతిలో ఉంది.

పేరు సంగతి అటుంచి, మీ జవాబులో జాగ్రత్తల ప్రస్తావనే లేకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. తెలియని ఆ జీవి జోయాంథిడ్లలో ఒకటైన పాలిథోవా అయితే అందులో పాలిటాక్సిన్ ఉండే అవకాశం ఉంది. 1971లో శాస్త్రజ్ఞులు వేరుచేసినట్టు ప్రకటించిన ఈ విషం, ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. చేతి గాయం ద్వారా, కంట్లో పడిన తుంపర ద్వారా ఇది శరీరానికి హాని చేయగలదు. రాయిని శుభ్రం చేయాలని మరిగిస్తే ఆ ఆవిరిని పీల్చినవారందరూ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. ఒకే తీరుగా కనబడే పాలిథోవాల్లోనే కొన్నింటిలో విషం విపరీతంగా, కొన్నింటిలో నామమాత్రంగా ఉంటుంది కాబట్టి పేరు తెలిసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. గుర్తు తెలియనంతవరకు చేతి తొడుగులు, కళ్లను కాపాడే అద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. రాయిని మరిగించడం, వేడినీళ్లతో కడగడం అసలే కూడదు.

ఈ హెచ్చరికను రాబోయే సంచికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇకపై ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు, తెల్లని వెలుతురులో పాలిప్ విచ్చుకున్నప్పుడు ఒకటి, ముడుచుకున్నప్పుడు ఒకటి, దీపాలు ఆర్పిన కొంతసేపటికి మరొకటి, పరిమాణం తెలిసేలా తీసిన ఫొటోలను పాఠకుల నుంచి తెప్పించుకున్న తరువాతే జవాబు ఇవ్వగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు