మడత చిక్కు ఇంకా వీడలేదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మీ సైన్స్ పేజీలో ప్రోటీన్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా థాంక్స్. కానీ "ప్రోటీన్ల మడత రహస్యాన్ని ఛేదించిన ఏఐ" అన్న హెడ్డింగ్ మాత్రం నాకు మింగుడు పడలేదు. నేను బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్తాను. మర్నాడు క్లాసులో ఒక అమ్మాయి ఆ పేజీ పట్టుకొచ్చి, "మేడం, ఇక ఇందులో తేల్చడానికి ఏమీ మిగల్లేదా, నేను వేరే టాపిక్ చూసుకోనా?" అని అడిగింది. అందుకే ఈ ఉత్తరం.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. అది తనదైన రూపంలోకి ముడుచుకుంటేనే పని చేస్తుంది. ఏ రూపంలోకి అన్నది ఒక ప్రశ్న, ఎలా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి 2020లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ 2 ఎవరూ ఊహించనంత బాగా జవాబు చెప్పింది. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన హసబిస్, జంపర్‌లకు దక్కడం పూర్తిగా న్యాయం. అయితే అది నేర్చుకున్నది శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ల్యాబుల్లో తేల్చి పెట్టిన లక్షకు పైగా రూపాల నుంచి, పరిణామంలో ఒకదానికొకటి చుట్టాలైన గొలుసుల పోలికల నుంచి. గొలుసు ఇస్తే చివరికి ఎలా ఉంటుందో చెప్తుంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పదు.

ఆ మధ్యలో జరిగేదే అసలు అద్భుతం. అమెరికా బయోకెమిస్ట్ ఆన్ఫిన్సెన్ చేసిన ప్రయోగమే తీసుకోండి, నేను ఏటా చెప్తాను, ఏటా నాకు కొత్తగానే ఉంటుంది. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌లో (ఇదీ ఒక ప్రోటీనే) 124 అమైనో ఆమ్లాలు, వాటిలో 8 గంధకం ఉన్న సిస్టీన్ రకానివి, అవి రెండేసి జతకట్టి 4 గంధకపు బంధాలు. మడత విప్పే యూరియా, గంధకపు బంధాలు తెంచే మెర్కాప్టోఇథనాల్ కలిపితే ఆ బంధాలు తెగి, మడత విప్పుకుని, ఎంజైమ్ పని ఆగిపోతుంది. రెండింటినీ తీసేసి గాలి తగలనిస్తే మళ్లీ తనంతట తనే ముడుచుకుని దాదాపు పూర్తిగా పనిలోకి వస్తుంది. అదే యూరియా ఉండగానే బంధాలు కలవనిచ్చి, ఆ తర్వాత యూరియా తీస్తే? 8 సిస్టీన్లు జతకట్టడానికి 7×5×3×1, అంటే 105 దారులు, సరైనది ఒక్కటే. సరిగ్గా ఆ లెక్కకు తగ్గట్టే ఎంజైమ్‌కి 1 శాతం పని మాత్రమే మిగిలింది. అప్పుడు మెర్కాప్టోఇథనాల్ చిటికెడు వేస్తే, తప్పుగా పడ్డ బంధాలు ఊడి, మారి, కొన్ని గంటల్లో గొలుసు తన అసలు జతలను తనే వెతుక్కుంది. రూపానికి కావలసిన సమాచారమంతా గొలుసులోనే ఉందని దీంతో తేలింది, ఆయనకు 1972లో నోబెల్ వచ్చింది.

మరి అంత త్వరగా ఎలా వెతుక్కుంటుంది? గొలుసులో ప్రతి లంకె దగ్గర రెండు మలుపు కోణాలు ఉంటాయి, వాటిలో ఏవి కుదురుతాయో, ఎక్కడ అణువులు ఢీకొంటాయో 1963లో మద్రాసులో జి.ఎన్.రామచంద్రన్ బృందం గీసి చూపించింది. లంకెకు మూడు స్థితులే అనుకున్నా 100 లంకెలకు 5 పక్కన 47 సున్నాలన్ని రూపాలు. ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ పోతే విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు ఏ మూలకూ చాలవు. కానీ కొన్ని చిన్న ప్రోటీన్లు మైక్రోసెకన్లలో, అంటే సెకనులో లక్షల వంతుల్లో, ముడుచుకుంటాయి! నీళ్లంటే గిట్టని భాగాలు లోపలికి సర్దుకోవడం, శక్తి తగ్గే వైపు గొలుసు జారుతూ పోవడం, ఈ స్థూల చిత్రం మనకు తెలుసు. కానీ ఫలానా ప్రోటీన్‌లో ముందు ఏ మూల ముడుచుకుంటుంది, ఎక్కడ చిక్కుకుపోతుంది అంటే చాలావాటికి ఇప్పటికీ జవాబు లేదు.

ఇది పుస్తకాలకే పరిమితమైన తేడా కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు ఉన్న రోగుల్లో ఎక్కువమందికి CFTR అనే 1480 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో 508వది ఒక్కటి ఉండదు. దాంతో మడత దారిలోనే తడబడుతుంది, కణం దాన్ని చెత్త కింద లెక్కగట్టి నాశనం చేసేస్తుంది. కణాలను ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర కాకుండా 27 డిగ్రీల దగ్గర పెంచితే అదే ప్రోటీన్‌లో కొంత, అది ఉండాల్సిన కణం పైపొర దాకా చేరి పని చేస్తుంది కూడా. అంటే చిక్కంతా ఎక్కువగా దారిలోనే. ఇప్పుడు వాడుతున్న మందుల్లో కొన్ని ఆ మడతకు ఊతమిచ్చేవే.

కాబట్టి వచ్చే వారం ఒక చిన్న సవరణ వేయండి: ఏఐ సాధించింది ప్రోటీన్ల చివరి రూపాన్ని ముందే చెప్పడం, మడత ఎలా పడుతుందో వివరించడం కాదు అని. ఆ అమ్మాయి ఇంకా టాపిక్ మార్చుకోలేదు. సవరణ వస్తే నేనే కత్తిరించి తన చేతికిస్తాను.

— ఒక బయోకెమిస్ట్రీ టీచర్