వెనక చక్రం బోల్టుల గురించి మా రైతులకు

మిర్యాలగూడ మా షెడ్డుల యాసంగి ముంగట మినీ ట్రాక్టర్ వెనక చక్రాల బోల్టులు మార్పిచ్చుకున్నోళ్లందరికీ ఈ మాట. ఆ బోల్టులు విప్పి మళ్ల కొత్తవి వెయ్యాలె. మజూరీ, సామాన్ల పైసలు రెండూ మావే.

తల మీద 8.8 అని గుద్ది ఉన్న 12 ఎం.ఎం. బోల్టులవి. ఆ ముద్ర అబద్ధం. 8.8 అంటే బోల్టు బలం లెక్క: చదరపు మిల్లీమీటరుకు 640 న్యూటన్ల దాకా సాగొద్దు, 800 దాకా తెగొద్దు. పెట్టిన బిగింపు రాంగనే టక్కుమనే టార్క్ పానా 80 న్యూటన్ మీటర్లకు టక్కుమన్నది కాబట్టి బిగించేటప్పుడు దొరకలే. మిగిలిన సరుకును 100కు పెట్టి చూసినం. అసలు 8.8 అయితే నిలబడ్తది. ఇవి టక్కుమనకుండా మెత్తగ తిరుగుతనే ఉన్నయ్, విప్పితే మరలు (చుట్లు) ఉన్న కాడ నడుము సన్నబడ్డది. తయారుచేసినోళ్ల గుర్తు తల మీద లేనే లేదు. అడిగితే, అందరూ ఇవే వాడుతున్నరు అన్నడు సప్లయరు. అందరి సంగతి మాకెందుకు? చక్రం ఊడితే మాట పడేది మా షెడ్డు. సరుకంతా వాపస్ పంపినం, ఆ దుకాణం మెట్లు మళ్ల ఎక్కం.

సాగిన బోల్టుకు మరల మధ్య దూరం మారి హబ్బుల (చక్రం బిగించే నడిమి ఇనుప దిమ్మెల) ఇరుక్కుంటది. పైగ కరిగెట బురద చేరి తుప్పు పడితే పానాకు లొంగదు. అందుకే బండి ఒక రాత్రి ఉంచాలె. ఈ మాట చెప్పనీకి చాన ఆలోచించినం. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు వచ్చినప్పుడు బండి ఆపుడంటే ఏందో మాకు ఎర్కే. అయినా ఉలి పెట్టి కొట్టుడు, గ్యాసుతోని కోసుడు మేం చెయ్యం.

సాయంత్రం ఇనుప బ్రష్షుతోని గీకి, తుప్పు వదిలించే నూనె పోసి, తల మీద సుత్తితోని నిటారుగ చిన్న దెబ్బలు. తెల్లారి ఆరు మూలల సాకెట్టే. పన్నెండు మూలలది తలను గుండు చేస్తది. ముందు బిగించే దిక్కు వెంట్రుక వాసి కదిలించి, తర్వాత విప్పే దిక్కు పావు చుట్టు, మళ్ల వెనకకు, నడుమ నూనె. అప్పటికీ రాకుంటే నూనె తుడిచి హబ్బును వేడిచేస్తం, బోల్టును కాదు. లోపల ఆయిల్ సీలు రబ్బరుది, అటుపక్క తడి గుడ్డ పెడ్తం.

తల తెగితే మిగిలిన ముక్క మీద నట్టు పెట్టి లోపల వెల్డింగు పోస్తం. బ్యాటరీ తీగ ముందే తీస్తం. ఎర్తు క్లిప్పు ఆ హబ్బుకే పెట్టాలె. చాసిస్‌కు పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి గుండ్లు పాడైతయ్. వేడికి ఉబ్బిన ముక్క చల్లారి ముడుచుకున్నంక తుప్పు పట్టు వదుల్తది, అప్పుడు నట్టు తిప్పాలె. విరిగిన బోల్టు ముక్కకు బెజ్జం కొట్టి తిప్పి తీసే ఈజీ ఔట్ మాత్రం వాడం. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద దిగదు, హబ్బే పోతది.

బోల్టులు మార్చేదాక దమ్ము చక్రాలు పెట్టకండి, ట్రాలీ కట్టకండి. మార్చినంక 8-10 గంటలు దున్ని ఒక్కసారి తీసుకరండి, బిగింపు మళ్ల చూస్తం.