కొత్త కాంక్రీట్ రోడ్డు స్లాబ్ మీదకి లోడ్ బండ్లు ఎప్పుడు ఎక్కించాలి
అందరికీ ఒక మాట, కొత్తగా పోసిన కాంక్రీట్ రోడ్డు మీదకి టిప్పర్లు, మిక్సర్ బండ్లు ఎక్కించే ముందు ఎన్ని రోజులైంది అని కాదు, ఎంత బలం వచ్చింది అని అడగండి. మామూలు మిక్స్‌కి 7 రోజులకి 28 రోజుల బలంలో మూడింట రెండొంతులు దాకా వస్తుంది, కానీ అది వాతావరణం బాగుంటేనే, చలిగా ఉంటే బాగా లేటవుతుంది. అందుకే సైట్‌లోనే స్లాబ్ పక్కన పెట్టి క్యూరింగ్ చేసిన బీములు (బలం చూడటానికి అదే కాంక్రీట్‌తో పోసిన చిన్న దిమ్మెలు) విరిచి చూడండి, ల్యాబ్ ట్యాంకులో నానినవి కాదు, వాటికి దొరికిన వెచ్చదనం మన రోడ్డుకి దొరకదు కదా. వీలైతే లోపల టెంపరేచర్ సెన్సార్ పెట్టి మెచ్యూరిటీ లెక్క (కాంక్రీట్ ఎంత వేడిలో ఎంతసేపు ఉందో చూసి బలం అంచనా వేయడం) చూస్తే ఇంకా నయం.

నాకు భయమంతా అంచుల దగ్గరే. స్లాబ్ మధ్యలో మోసే బరువే అంచు మీద పడితే ఒత్తిడి చాలా ఎక్కువ, మా పాత సైట్‌లో తొందరపడి మిక్సర్ వెనక్కి తీస్తుంటే వెనక చక్రం మూల మీదకెక్కింది, మర్నాటికి జాయింట్ (స్లాబ్ ఇష్టమొచ్చినట్టు పగలకుండా కోసే గాడి) నుంచి అంచుకి ఏటవాలుగా వెంట్రుకంత పగులు, మొత్తం ప్యానెల్ (జాయింట్ల మధ్య స్లాబ్ ముక్క) తీసి మళ్ళీ పోశాం. చక్రాలు అంచుకి కనీసం రెండడుగులు లోపలే ఉండేలా డ్రమ్ములు పెట్టండి, కోసిన జాయింట్లలోకి కంకర పోనివ్వకండి. రిజల్ట్ రాకుండా డ్రైవర్లకి ఎవరూ ఓకే చెప్పొద్దు ప్లీజ్.