మా కరోజన్ ల్యాబుకు దారి చూపిన మాస్టారికి కృతజ్ఞతలు

ఉద్యోగ జీవితమంతా లోహాల తుప్పు మీదే గడిపి రిటైరైన ప్రొఫెసర్‌గారు ఈ వేసవిలో విజయవాడ వచ్చి, మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లందరి కొలతలూ దగ్గరుండి సరిచూశారు. పైసా తీసుకోలేదు, పేరు కూడా రాయొద్దన్నారు. అందుకే ‘మాస్టారు’ అంటున్నాం. ఆయన చెప్పినవి ఈ రంగంలోకి వచ్చే ఎవరికైనా పనికొస్తాయని కొన్ని ఇక్కడ పెడుతున్నాం.

ముందు, తుప్పు వేగం కొలవడానికి ఉప్పునీటిలో ఉంచే ఉక్కు శాంపిల్ ముక్కల అంచులు. షీరింగ్ మెషిన్‌లో కోసినచోట ఉక్కు నలిగి గట్టిపడుతుంది, తుప్పు అక్కడే ముందు పడుతుంది. షీటు మందం ఎంతో అంచునుంచి అంతమేరా అరగదీయాలి. గ్యాస్ కటింగ్ అసలే వద్దు. ఈ పనంతా ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపువాళ్లు ముక్క వేడెక్కకుండా నీళ్లు పోసుకుంటూ చేసిచ్చారు. వాళ్లకూ దండాలు.

అసలు కిటుకు తుప్పు వదిలించడంలో ఉంది. ఉప్పునీటిలోంచి తీసిన ముక్కను క్లార్క్ ద్రావణంలో ముంచుతాం: లీటరు గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు 20 గ్రాముల యాంటిమొనీ ట్రయాక్సైడ్, 50 గ్రాముల స్టానస్ క్లోరైడ్. (ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా దీని జోలికి పోవద్దు.) ఆ యాసిడ్ తుప్పుతోపాటు కాస్త ఉక్కునూ తింటుంది. అందుకని తుప్పు పట్టని ముక్కనొకదాన్ని అంతసేపే ముంచి, అది కోల్పోయిన బరువును తీసేయాలి. 20 చదరపు సెంటీమీటర్ల ముక్క 720 గంటల్లో 138 మిల్లీగ్రాములు తగ్గి, ఉత్త ముక్క 8 తగ్గితే లెక్కకొచ్చేది 130. దాన్ని యూనిట్లు మార్చే 87.6తో గుణించి, సాంద్రత 7.86ను వైశాల్యంతోనూ గంటలతోనూ గుణించగా వచ్చినదానితో భాగిస్తే, ఏడాదికి 0.1 మిల్లీమీటరు.

ముక్క వోల్టేజీని మెల్లగా మారుస్తూ కరెంటు కొలిచి, తుప్పు వేగం లెక్కగట్టే టాఫెల్ గ్రాఫుల దగ్గర మాస్టారు అస్సలు ఊరుకోరు. ఓపెన్ సర్క్యూట్ పొటెన్షియల్ (బయటి కరెంటు ఇవ్వనప్పుడు ముక్కకుండే వోల్టేజీ) నిలకడకు రాకుండా స్కాన్ మొదలుపెట్టనివ్వరు. వేగం సెకనుకు 0.1667 మిల్లీవోల్టు, తొందరపడి పెంచితే డబుల్ లేయర్ (లోహం, ద్రావణం కలిసేచోట పేరుకునే విద్యుదావేశపు పొర) ఛార్జింగ్ కరెంటు కలిసిపోయి లెక్క తప్పుతుంది. గాలి తగిలే ఉప్పునీటిలో ఉక్కు కేథోడ్ కరెంటు ఆక్సిజన్ అందే వేగం దగ్గరే ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అక్కడా ఒక గీత లాగి వాలు చెబుతుంది. ఆ అంకె థీసిస్‌లో పెడితే వైవాలో చిక్కే. బరువు లెక్కతో పొసగని ఇన్హిబిటర్ (తుప్పును తగ్గించే రసాయనం) సామర్థ్యం 95 శాతమన్నా ఆయన నమ్మరు.

వెళ్తూ ఒక కాలొమెల్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీ కొలతకు ప్రమాణంగా వాడే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్) ఇచ్చి వెళ్లారు. ప్రయోగాలకు వాడకుండా, సంతృప్త పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాం. విజయవాడ, గుంటూరు కాలేజీలవాళ్లు తమ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ తెచ్చి దీనితో పోల్చుకోవచ్చు. సంతృప్త పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రకమైతే సహజంగా ఉండే 44 మిల్లీవోల్టులు తీసేసి చూడాలి. తేడా ఇంకా 5 దాటితే ముందు లోపలి ద్రావణం మార్చండి, అప్పటికీ దారికి రాకపోతే కొత్తది కొనడమే.